సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కారు: ఒక్కో కాలంలో ఒక్కో మోసం

సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి వెళ్లినవాళ్లకి కొన్ని మాటలు వినీ వినీ అలవాటైపోయి ఉంటాయి. "సింగిల్ ఓనర్ సార్." "డాక్టర్ గారి బండి, ఇంటి నుంచి హాస్పిటల్‌కి, హాస్పిటల్ నుంచి ఇంటికి, అంతే." "ఆర్మీ ఆఫీసర్ వాడింది, ట్రాన్స్‌ఫర్ అయిందని అమ్ముతున్నారు." ఇందులో మూడో మాట సికింద్రాబాద్‌లో ఎక్కువగా వినిపిస్తుంది. దానికి వెనకాల నిజంగానే ఒక చరిత్ర ఉంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే విషయం. పాత కారులో లోపం ఎప్పుడూ ఒకే చోట ఉండదు. ఏ కాలంలో జనం దేన్ని చూసి డబ్బులు ఎక్కువ ఇస్తారో, ఆ కాలంలో మోసం అక్కడికే వెళ్తుంది. మీ నాన్నగారు ఇచ్చే సలహా ఆయన కాలానికి కరెక్టే, మీ కాలానికి మాత్రం సగమే పనికొస్తుంది. ఎందుకో చూద్దాం.

సికింద్రాబాద్ పుట్టిందే కంటోన్మెంట్‌గా. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరికి ఆ పేరు వచ్చింది. ఇవాళ్టికీ త్రిముల్గెరి, బొల్లారం వైపు వెళ్తే ఆర్మీ గేట్లే కనిపిస్తాయి. బండ్లు రిపేరు చేసే సైనికులకి ట్రైనింగ్ ఇచ్చే ఈఎంఈ సెంటర్ కూడా ఇక్కడే. 1966లో దక్షిణ మధ్య రైల్వే హెడ్‌క్వార్టర్స్ సికింద్రాబాద్‌లో పెట్టారు. మిలిటరీ, రైల్వే రెండూ బదిలీల ఉద్యోగాలే కదా. ఆర్డర్ వస్తే రెండు మూడు వారాల్లో సామాను సర్దుకుని వెళ్లాలి, కారు అమ్మేయాలి. అందుకే "ఆఫీసర్ బండి" అనే మాటకి ఈ ఊళ్లో అంత విలువ. తర్వాత ఆ మాటని ఎవరు పడితే వాళ్లు వాడేశారు, అది వేరే సంగతి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యానికి అక్కర్లేని జీపులు, లారీలు దేశమంతా వేలంలో అమ్మారు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ "డిస్పోజల్ జీపు" అంటారే, ఆ మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ బండి కొనేవాడికి మోసపోతానన్న భయం పెద్దగా ఉండేది కాదు. పాడైందని తెలిసే కొనేవాడు, విప్పి మళ్లీ కట్టుకునేవాడు.

అసలు కథ 1950ల్లో మొదలవుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం విదేశీ కార్ల దిగుమతిని దాదాపు ఆపేసింది. ఇక్కడ పూర్తిగా తయారు చేసే ప్లాన్ లేని ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటి కంపెనీలు ఆ దశాబ్దం మధ్యకల్లా వెళ్లిపోయాయి. మిగిలినవి ముఖ్యంగా మూడు: కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి నుంచి వచ్చే ఫియట్ (అదే తర్వాత ప్రీమియర్ పద్మిని), మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. ధర మీద కూడా ప్రభుత్వ కంట్రోల్ ఉండేది.

ఇప్పుడు లెక్క వేయండి. షోరూం ధర కంట్రోల్‌లో ఉంది, బండి మాత్రం దొరకదు. మరి నిన్ననే డెలివరీ తీసుకున్న బండికి బయట ఎంత పలుకుతుంది? కొత్త దాని కంటే ఎక్కువ! కొద్దిగా వాడిన కారు కొత్త కారు కంటే ఖరీదు. ఇవాళ మీరు షోరూం గేటు దాటితేనే లక్ష పడిపోయిందని బాధపడతారు, అప్పుడు రివర్స్. అందుకే కొన్నవాళ్లు కొంతకాలం దాకా తిరిగి అమ్మకూడదని ప్రభుత్వం నిబంధన కూడా పెట్టింది.

అలాంటి మార్కెట్‌లో కొనేవాడు అడిగే ప్రశ్న ఒకటే: బండి నడుస్తుందా లేదా? ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. పాత మీటర్లు చాలావాటిలో ఐదే అంకెలు. 99,999 దాటితే మళ్లీ సున్నా. ఆ మీటర్‌ని నమ్మేదెవరు? అందుకే మోసం ఇంజిన్‌లో జరిగేది. రింగులు అరిగి నీలం పొగ వస్తుంటే, అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసేవాళ్లు. నాలుగు రోజులు పొగ కనపడదు. గేర్‌బాక్స్ మోత చేస్తుంటే దాంట్లోనూ అదే వైద్యం. అడుగు రేకు తుప్పు పట్టి రంధ్రం పడితే ముక్క అతికించి పైన మందంగా బ్లాక్ పెయింట్ కొట్టేవాళ్లు. అప్పటి మేస్త్రీలు బండి చూడ్డానికి వస్తే ముందు సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి మసి చూసేది, డిప్ స్టిక్ తీసి ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్దేది ఇందుకే.

పద్మినికి ఇంకో జబ్బు ఉండేది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోల్ లైన్‌లోనే ఆవిరైపోయి ఇంజిన్ ఆగిపోయేది. వేపర్ లాక్ అంటారు. మందు ఏంటంటే, బానెట్ ఎత్తి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేయడం. మే నెల హైదరాబాద్ ఎండలో బానెట్ ఎత్తిన ఫియట్, పక్కన చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డ మనిషి... ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, నవ్వుతారు.

ఈ లోపాలన్నిటికీ జవాబు రాణీగంజ్‌లో దొరికేది. ఇప్పటికీ ఆ గల్లీల్లో స్పేర్ పార్టుల షాపులు వరసగా ఉంటాయి. బండిలో ఏది పోయినా కొత్తదో, పాతదో, లేత్ మీద చేయించిందో పెట్టి నడిపించేవాళ్లు. అంటే అప్పటి లోపం ఎంత పెద్దదైనా చెయ్యి పెడితే బాగయ్యేదే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

1983 డిసెంబర్‌లో మారుతీ 800 వచ్చింది. 796 సీసీ ఇంజిన్, ధర సుమారు 50 వేల రూపాయలు. మొదట్లో దానికీ క్యూ ఉండేది, కానీ మెల్లమెల్లగా కొత్త కారు దొరకడం మొదలైంది. 1990ల్లో విదేశీ కంపెనీలు కూడా వచ్చేశాయి. కొత్తది దొరుకుతున్నప్పుడు పాతది ఎవరైనా ఎందుకు కొనాలి? "కొత్తదానిలాగే ఉంది" అని చెప్పగలిగితేనే. అక్కడ కిలోమీటర్లకి విలువ వచ్చింది. ఆ వెంటనే మీటర్ తిప్పడం కూడా వచ్చింది.

పాత మీటర్లకి గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వచ్చేది. అది ఊడదీస్తే బండి తిరుగుతుంది, మీటర్ తిరగదు. ఇప్పుడు డిజిటల్ మీటర్ కదా, సేఫ్ అనుకోవద్దు. ల్యాప్‌టాప్ పెట్టి మార్చేస్తారు, స్క్రూ కూడా విప్పక్కర్లేదు. తక్కువ తిరిగిన కారు అంటే ఎలా ఉంటుందో చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ చూడండి. వందేళ్లు దాటింది, తిరిగింది చాలా తక్కువ. మిగతా ఎవరు చెప్పినా నేను ముందు అనుమానిస్తాను.

మరి ఎలా పట్టుకోవాలి? ఒక మెకానిక్ భయ్యా నాతో అన్నాడు, "మీటర్ నోటితో మాట్లాడుతుంది, పెడల్ కాళ్లతో మాట్లాడుతుంది" అని. మీటర్ 30 వేలు చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండకూడదు. స్టీరింగ్ మీద, గేర్ నాబ్ మీద మెరుపు రాకూడదు. తర్వాత టైరు పక్కన చూడండి, నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. కారు 2019ది, మీటర్ 25 వేలు, టైర్లు మాత్రం 2022వి! కంపెనీ టైర్లు మామూలుగా 25 వేలకి అరిగిపోవు. పంక్చరై ఒకటి మార్చారంటే సరే, నాలుగూ ఎందుకు మార్చారు? అడగండి. అద్దాల మీద కూడా కంపెనీ మార్క్ ఉంటుంది. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటి వేరేగా ఉంటే, ఆ పక్క ఏదో తగిలింది. చరిత్ర చదివేవాళ్లు చేసే పనే ఇది, ఒక సాక్ష్యాన్ని ఇంకో సాక్ష్యంతో సరిచూడ్డం. అన్నిటికంటే గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు. ప్రతి సర్వీసులో కిలోమీటర్లు ఎక్కిస్తారు. ఆ హిస్టరీ చూపించనంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

ఇక కాగితాల సంగతి. నా లెక్కలో కుటుంబాలని ముంచేది ఇంజిన్ కంటే ఇదే.

1988 మోటారు వాహనాల చట్టం వచ్చాక, 1989 నుంచి ఇప్పటి నంబర్ల పద్ధతి మొదలైంది. సికింద్రాబాద్‌కి ఏపీ 10 వచ్చింది. 2014లో అది టీఎస్ 10 అయింది, 2024లో టీజీ 10. ప్లేట్ చూసి బండి ఏ కాలంలో రిజిస్టర్ అయిందో అంచనా వేయొచ్చు. ఆ తర్వాత కారు లోన్లు పెరిగాయి. లోన్ ఉంటే ఆర్సీలో హైపోథికేషన్ అని బ్యాంకు పేరు ఎక్కుతుంది. లోన్ తీరినా చాలామంది దాన్ని తీయించుకోరు. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా ఆ పేరు పోదు. అది పోకుండా మీ పేరు మీదకి బండి రావడం కష్టం.

"మా వాడు తెలిసినవాడే, ట్రాన్స్‌ఫర్ తర్వాత చేయించుకుందాం" అంటారు చూడండి, అక్కడే డేంజర్. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసు తీర్పు చెప్పింది. కారు మారుతీ 800. అసలు ఓనర్ దాన్ని 2007లోనే అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో పేరు మాత్రం ఆయనదే ఉండిపోయింది. 2009లో ఆ కారు గుద్ది ఒకరు చనిపోయారు. నష్టపరిహారం ఎవరు కట్టాలి? రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్ అని కోర్టు తేల్చింది. అమ్మేసి, డబ్బు తీసుకుని, మర్చిపోయిన మనిషి మీద పడింది. చనిపోయినవాళ్ల కుటుంబం ఎవరు కొన్నారో, మళ్లీ ఎవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది కోర్టు ఆలోచన. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది. కానీ అమ్మేవాళ్లు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, తేదీ ఖాళీగా వదిలేసి బ్రోకర్ చేతికి ఇచ్చే అలవాటు ఎంత ప్రమాదమో చూడండి. ఒకే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో ఆర్టీఓకి తెలపాల్సిన బాధ్యత అమ్మినవాళ్లదే. సికింద్రాబాద్ వాళ్లకి ఆ ఆఫీసు తిరుమలగిరిలో.

డీలర్ దగ్గర ఈ గ్యాప్ మరీ ఎక్కువ. బండి నెలల తరబడి ఆయన యార్డులో ఉంటుంది, పేరు మాత్రం పాత ఓనర్‌దే. అందుకే 2022 డిసెంబర్‌లో కేంద్రం రూల్స్ మార్చింది. పాత బండ్లు అమ్మే డీలర్లు ఆథరైజేషన్ తీసుకోవాలి, బండి తమ దగ్గరికి వచ్చినట్టు ఆర్టీఓకి ఆన్‌లైన్‌లో తెలపాలి. మీ బండి ఇచ్చేటప్పుడు ఈ ఆథరైజేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు వరదల దగ్గరికి వద్దాం. 2000 ఆగస్టులో హైదరాబాద్ మునిగింది, బేగంపేట్‌లో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన. 2020 అక్టోబర్‌లో మళ్లీ మునిగింది. ఈ రెండింటి మధ్య కారు మారిపోయింది. అంబాసిడర్ నీళ్లలో మునిగితే ఆయిల్ మార్చి, పాయింట్లు తుడిచి, ఎండలో పెడితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఇందాక చెప్పాను కదా, చెయ్యి పెడితే బాగయ్యే లోపం అని. ఇప్పటి కారులో కార్పెట్ కిందే వైరింగ్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ అన్నీ కనెక్టర్ల మీద నడుస్తాయి. ఒకసారి తడిస్తే ఆరు నెలల తర్వాత ఎక్కడో పచ్చని తుప్పు పడుతుంది, ఒకరోజు డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలుగుతాయి. ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ అని తేల్చిన బండ్లు వేలంలో వెళ్తాయి. కొన్ని పాలిష్ పట్టుకుని మళ్లీ రోడ్డెక్కుతాయి, చాలాసార్లు వేరే ఊళ్లో. 2015 చివర్లో చెన్నై మునిగింది గుర్తుందా? అందుకే బండి ఎక్కడ తిరిగిందో కూడా చూడాలి.

వరద బండిని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సీటు బెల్ట్‌ని చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే దొరికిపోయినట్టే, అక్కడ ఎవరూ కడగరు. సీటు కింద బోల్టుల తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంట, కార్పెట్ ఎత్తితే వాసన. కారులో సెంటు మరీ గుప్పుమంటుంటే నాకు డౌటే.

ఇంకో మాట, డీజిల్ గురించి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధం రావడంతో అక్కడి కార్లు చౌకగా మన వైపు వచ్చాయి. ధర చూసి ఆశపడేముందు ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేయండి. 2020 తర్వాతి బీఎస్ 6 డీజిల్ అయితే, సిటీలో రోజూ నాలుగు కిలోమీటర్లే తిరిగిన బండి మంచిదేమీ కాదు. సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, హైవే మీద వేడెక్కితేనే అది శుభ్రమవుతుంది. "తక్కువ తిరిగింది" అన్నదే ఇక్కడ లోపమైంది, చూశారా!

కొనేవాళ్లకి నా వరస ఇది. ఇంట్లోంచి కదలకముందే ఫోన్‌లో నంబర్ కొట్టి ఎంపరివాహన్‌లో వివరాలు, తెలంగాణ ఈ-చలానా సైట్‌లో పెండింగ్ చలానాలు చూడండి. తర్వాత పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వస్తామని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకో రోజు రమ్మన్నా పర్లేదు. ఛాసిస్ నంబర్‌ని ఆర్సీతో అంకె అంకె పోల్చండి. మీకు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లండి, అమ్మేవాళ్ల మెకానిక్ వద్దు. పేరు మారేదాకా కొంత డబ్బు ఆపి ఉంచుకోండి, అది కాగితం మీద రాసుకోండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు.

డెలివరీ నోట్ మీద తేదీతో పాటు టైం కూడా రాయించండి. సాయంత్రం 5 గంటలకి బండి మీ చేతికి వచ్చిందనుకోండి, మధ్యాహ్నం 2 గంటలకి ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర పడ్డ చలానా ఎవరిదో గొడవ లేకుండా తేలిపోతుంది. ఉంటాను మరి, నమస్తే.