బడి జట్టుకు పెద్దదిక్కు



సికింద్రాబాదు నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద మీలో చాలామంది ప్రయాణం చేసే ఉంటారు. ఏ ఆదివారమో పిల్లల్ని వెంటబెట్టుకుని శామీర్‌పేట చెరువు చూడ్డానికో, అక్కడి జింకల పార్కుకో వెళ్లి ఉంటారు. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అనగానే మనకు ద్రాక్షతోటలు గుర్తుకు వచ్చేవి. ఆ దారిలోనే, హకీంపేట దగ్గర, ఒక బడి ఉంది. అక్కడి పిల్లలు లెక్కలూ తెలుగూ చదువుకుంటూనే పరుగెత్తడం, దూకడం, బరువులెత్తడం కూడా పాఠాల్లాగే నేర్చుకుంటారు. అదే 1993లో మొదలైన క్రీడా పాఠశాల. ఆ బడి సంగతి చెప్పేముందు, అసలు బడి ఆటల జట్టు అనేది ఎలా తయారవుతుందో, దాన్ని నిలబెట్టేది ఎవరో మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

హైస్కూలు జట్టు కప్పు గెలిస్తే పేపర్లో ఫోటో పడుతుంది. ముందు వరసలో కప్పు పట్టుకున్న కెప్టెను, వెనక హెడ్మాస్టరుగారు, డ్రిల్లు మాస్టారు. ఆ ఫోటోలో పడనివాళ్లు ఇంకా ఉంటారు. ఒకరు, ఆ ఊళ్లోనే ఒకప్పుడు బాగా ఆడి, ఇప్పుడు సాయంత్రాలు గ్రౌండు పక్కన నిలబడి "అట్లా కాదమ్మా, మోకాలు వంచు" అని చెప్పే పాత ఆటగాళ్లు. రెండోవారు, కిందటేడే పదో తరగతి పాసై వెళ్లిపోయిన సీనియర్లు. డ్రిల్లు మాస్టారు ఒక్కరే, పిల్లలేమో వందలమంది. ఆయన ఎంతమందికని చెప్పగలరు? బంతి ఎలా అందుకోవాలో, ఓడిపోయిననాడు తల వంచుకోకుండా ఇంటికెలా రావాలో, పై తరగతివాళ్లను చూసే కింది తరగతివాళ్లు నేర్చుకుంటారు. మన వంటింటి విద్యలాంటిదే ఇదీనూ. చారులో ఉప్పెంత వెయ్యాలో మనకెవరు పుస్తకం చూసి చెప్పారు కనుక? అమ్మ పక్కన నిలబడి చూశాం, అంతే.

మా హైస్కూల్లో త్రోబాల్ జట్టు ఉండేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పదో తరగతి అమ్మాయి మాకు కెప్టెను. ఇంటర్వెల్లో మమ్మల్ని వరసగా నిలబెట్టి, బంతి రెండు చేతులా పట్టుకుని తడుముకోకుండా వెంటనే విసరడం నేర్పింది. మేం ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు, "అక్కా" అనేవాళ్లం. వేసవి సెలవులయి బడి తెరిచేసరికి అక్కకు పెళ్లయిపోయింది. ఆ ఏడు మేం మొదటి ఆటలోనే ఓడిపోయాం. ఆ మరుసటి ఏడు జట్టే లేదు. పెళ్లి చేసిన పెద్దవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, ఆ రోజుల్లో చాలా ఇళ్లలో జరిగిందే అది. కానీ ఒక్క అక్క వెళ్లిపోతే ఆమె వెనక ఉన్న పదిమంది చెల్లెళ్ల ఆట కూడా ఆగిపోయింది. అది మాత్రం నాకిప్పటికీ గుర్తే.

ఇక చరిత్రలోకి వద్దాం. మన హైదరాబాదులో ఈ విషయంలో ముందుగా తలచుకోవలసింది సయ్యద్ అబ్దుల్ రహీం గారిని. ఆయన 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడారు, ఆ తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలోనూ పనిచేశారు. తను నేర్చుకున్న ఆటను తనతోనే ఉంచుకోలేదు, పిల్లల ముందు పెట్టారు. ఒక్కడే బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని పోకుండా తోటివాడికి అందించడం అలవాటు కావాలని, కుర్రవాళ్లకు అందుకు తగిన నియమాలతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు.

ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన నడిపించిన భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. ఇంత పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి బడి గ్రౌండులో పిల్లల మధ్యనుంచే బయల్దేరారని మనం గుర్తుంచుకోవాలి.

మరి ఆడపిల్లల మాటేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాను. స్వతంత్ర భారతదేశం తరఫున ఆడవాళ్లు ఒలింపిక్స్‌కు మొదటిసారి వెళ్లింది 1952లో, హెల్సింకీకి. బడుల ఆటల పోటీలను దేశమంతటికీ కలిపి నడిపే పాఠశాలల క్రీడా సమాఖ్య 1954లో ఏర్పడింది. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో స్త్రీలకోసం జాతీయ క్రీడోత్సవం ప్రారంభించారు. ఏర్పాట్లయితే ఒక్కొక్కటే వచ్చాయి. కానీ మగపిల్లలకు రహీంగారి లాంటి పాత ఆటగాళ్లు పేటపేటకూ దొరికారు. ఆడపిల్లలకు అలా ఆట నేర్పే అక్కలు ఎక్కడినుంచి వస్తారు? ముందు తరంవాళ్లను ఆడనిస్తేనే కదా!

అయినా కొన్నిచోట్ల దారి దొరికింది. మిథాలీ రాజ్ పేరు వినని ఇల్లు ఇవాళ లేదు. ఆమె చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకునేది. పొద్దున్నే నిద్రలేచే అలవాటు కావాలని తండ్రి ఆమెను అన్నతోపాటు సికింద్రాబాదులో క్రికెట్ శిక్షణ జరిగే చోటికి తీసుకెళ్లేవారు. అక్కడ ఒకప్పుడు హైదరాబాదు తరఫున బౌలింగ్ చేసిన జ్యోతిప్రసాద్ గారు ఆమె చేతివాటం గమనించి, ఆడపిల్లలకు క్రికెట్ నేర్పుతున్న సంపత్‌కుమార్ గారి దగ్గరకు పంపమని సలహా చెప్పారు. సంపత్‌కుమార్ గారు కీస్ బాలికల హైస్కూలు జట్టుకు శిక్షణ ఇచ్చేవారు. పదేళ్ల పిల్ల తనకంటే పెద్ద అమ్మాయిల మధ్య బ్యాటు పట్టుకుని నిలబడింది. తల్లి తన ఉద్యోగం మానుకుని కూతురి ఆట చూసుకుంది. 1999లో ఐర్లండ్ మీద ఆడిన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే మిథాలీ 114 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్లు. ఒక పాత ఆటగాడి చూపు, ఒక బడి జట్టు, తనకంటే పెద్దవాళ్లతో సాధన. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చూశారు కదా!

ఇంకో ఉదాహరణ శ్రీకాకుళం జిల్లాది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి పన్నెండేళ్లప్పుడు నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టింది. ఆమెకు సీనియర్ ఎవరో తెలుసా? సొంత అక్క కృష్ణకుమారి. 1990లో జాతీయ శిబిరానికి ఎంపికైంది అక్క, చెల్లెలు కేవలం తోడు వెళ్లింది. అక్కడున్న విదేశీ కోచ్ లియోనిద్ తరనెంకో ఆ చెల్లెల్ని చూసి, ఈ అమ్మాయిలో విషయముందని గుర్తించాడు. పదేళ్ల తర్వాత, 2000 సంవత్సరం సెప్టెంబరు 19న, సిడ్నీలో మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన తెలుగింటి ఆడపిల్ల. ఆ అక్క ఇంట్లోనే కూర్చుని ఉంటే చెల్లెలు ఆ శిబిరం గుమ్మం దాకా వెళ్లేదా?

అందరికీ ఇంట్లోనే అక్క దొరకదు కదా, అందుకే క్రీడా పాఠశాలలు వచ్చాయి. కేరళలో జి.వి. రాజా క్రీడా పాఠశాల 1974లోనే ప్రారంభమైంది. 1976లో కన్ననూరులో ఆడపిల్లలకోసం పెట్టిన క్రీడా విభాగంలో చేరిన పి.టి. ఉషకు, వైమానిక దళంలో పనిచేసి వచ్చిన ఒ.ఎం. నంబియార్ గారు గురువయ్యారు. ఉష తన వంతు వచ్చినప్పుడు ఆ బాకీ తీర్చుకుంది. కొయిలాండీలో పరుగుల బడి పెట్టి చిన్నపిల్లల్ని చేరదీసింది. ఆ బడిలో తయారైన టింటూ లూకా 2010, 2014 ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో పతకాలు గెలిచింది.

మన హకీంపేట బడి కూడా ఆ కోవలోదే. అప్పట్లో అది రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్ క్రీడా పాఠశాల అనేవారు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ క్రీడా పాఠశాల అయింది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఆ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. అక్కడ పిల్లల్ని నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసు, ఆడపిల్లలు 20 మంది, మగపిల్లలు 20 మంది. ఎంపికకు మార్కులూ సిఫార్సులూ కాదు, ఒంట్లో చురుకు చూస్తారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడ్డచోటినుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, అటూ ఇటూ పది మీటర్లు ఆరుసార్లు పరుగెత్తే షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు ఎంత వంగుతుందో చూడడం. ఆ తర్వాత పిల్లకు ఏ ఆట నప్పుతుందో ఆ ఆటలో పెడతారు. చదువూ, భోజనమూ, నిద్రా అన్నీ అక్కడే.

అక్కడినుంచి వచ్చినవాడే బాపట్ల ప్రాంతపు స్టువర్టుపురం కుర్రవాడు రాగాల వెంకట్ రాహుల్. 2014లో యువ ఒలింపిక్స్‌లో వెండి పతకం, 2018లో కామన్వెల్త్ క్రీడల్లో మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం గెలిచాడు.

ఎనిమిదేళ్ల పిల్లను హాస్టల్లో వదిలి వెనక్కి తిరిగితే తల్లి కడుపు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? అలాంటిచోట పై తరగతి పిల్లలే చిన్నవాళ్లకు అండ. జడ వేసేదీ, కాలు బెణికితే పట్టుకుని నడిపించేదీ, రాత్రి ఇల్లు గుర్తుకొచ్చి ఏడిస్తే పక్కన కూర్చునేదీ వాళ్లే కావాలి. సీనియర్ అంటే ముందు పెద్దరికం, తర్వాతే పతకం. పెద్దరికం పేరుతో చిన్నపిల్లలచేత బట్టలుతికించుకోవడం, ఎగతాళి చెయ్యడం పెద్దరికం కాదు. పిల్లల్ని ఏ హాస్టల్లో చేర్చినా ఈ సంగతి తల్లి నిర్మొహమాటంగా అడిగి తెలుసుకోవాలి. పిల్లతో విడిగా కూర్చుని మాట్లాడుతూ ఉండాలి.

అయితే ఏడాదికి 40 మందికి చోటిచ్చే బడి ఎంతమందికి సరిపోతుంది? మేడ్చల్‌లోనూ, శామీర్‌పేటలోనూ, మన పేటల్లోనూ మామూలు హైస్కూళ్లలో ఎన్ని వేలమంది పిల్లలున్నారు! వాళ్లకు హకీంపేట ట్రాకు అందదు. అందగలిగేది ఒక అక్క. బడుల పోటీల్లో పద్నాలుగేళ్లలోపు, పదిహేడేళ్లలోపు, పందొమ్మిదేళ్లలోపు అని విభాగాలుంటాయి. అంటే పదో తరగతితో ఆట వయసు అయిపోదన్నమాట. కానీ మనం ఏం చేస్తున్నాం? తొమ్మిదో తరగతికి రాగానే "ఇక ఆటలు కట్టిపెట్టు, పరీక్షలు" అంటాం. సరిగ్గా ఆ అమ్మాయి ఆటలో ఆరితేరి, చిన్నవాళ్లకు నేర్పగల సమయానికి ఆమెను గ్రౌండునుంచి ఇంటికి పిలిచేస్తున్నాం. ఏటా ఇదే జరిగితే ఆరో తరగతి పిల్ల ఎవరిని చూసి నేర్చుకోవాలి?

అందుకే మీకు మూడు మనవులు. పదో తరగతిలో ఉన్న మీ అమ్మాయి సాయంత్రం ఒక గంట ఆడుతానంటే ఆడనివ్వండి. ఆ గంట ఆమె ఒక్కదానిదే కాదు, ఆమె వెనకున్న చిన్నపిల్లలది కూడా. రెండోది, మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఆటల పీరియడు నిజంగా ఆటలకే వాడుతున్నారా, లేక లెక్కల మాస్టారు తీసుకుంటున్నారా అని కూడా అడగండి. మూడోది, మీ సంగతి. మీలో ఎందరో ఒకప్పుడు ఖోఖో, కబాడీ, టెనికాయిట్ ఆడినవాళ్లే. పెట్టె అడుగున పాత సర్టిఫికెట్లు ఉండే ఉంటాయి. వారంలో ఒక్క సాయంత్రం, హెడ్మిస్ట్రెస్ గారి అనుమతి తీసుకుని, మీ దగ్గరి బడికి వెళ్లండి. పరుగెత్తనక్కరలేదు. గ్రౌండు పక్కన నిలబడి, తెలిసింది చెప్పినా చాలు.

మా త్రోబాల్ అక్క ఇవాళ ఏ ఊళ్లో ఉన్నా ఈ మాటలు వింటుందేమోనని నాకొక చిన్న ఆశ. వింటే ఆమెకు చెప్పేది ఒక్కటే. అక్కా, నువ్వు నేర్పిన విసురు నేను మా అమ్మాయికి నేర్పాను. అది ఇప్పుడు వాళ్ల బడి జట్టులో ఆడుతోంది.