మొదటి వేలిముద్ర, చివరి సంతకం

దత్తత కోసం వేరే దేశం నుంచి వచ్చిన దంపతులు కొత్త బిడ్డతో పరాయి ఊళ్లో గడిపే రోజులు చాలా చిత్రమైనవి. బిడ్డ ఒళ్లోనే ఉంటుంది. పాలు పట్టేది వాళ్లే, రాత్రి లేచి జోకొట్టేది వాళ్లే. కానీ కాగితం మీద ఆ బిడ్డ ఇంకా వాళ్లది కాదు. కోర్టు ఉత్తర్వు రావాలి. అది చూపిస్తే పాస్‌పోర్టు రావాలి. ఆ పాస్‌పోర్టు మీద వాళ్ల దేశం వీసా ఇవ్వాలి. ఒక్కో కాగితానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో ఆఫీసుకు ఒక్కో సాకు. ఈలోగా హోటల్ గది అద్దె పెరుగుతుంటుంది, అక్కడ ఉద్యోగంలో సెలవు అయిపోతుంటుంది. ఇంటికి ఎప్పుడు వెళ్తాం అన్నదే వాళ్లకు పొద్దున్న లేస్తే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే గిరిజన పాఠకులుగా మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. చివరి సంతకం దగ్గర ఇంతమంది కాపలా ఉన్నప్పుడు, మొదటి కాగితం దగ్గర ఎవరున్నారు? ఆ మొదటి కాగితం మీద తరచుగా ఉండేది సంతకం కాదు, ఒక తల్లి వేలిముద్ర. పాతికేళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపిన కేసుల్లో ఆ వేలిముద్రలు చాలావరకు లంబాడీ తండాల నుంచి వచ్చాయి.

నేను కోయవాణ్ణి. తండాల సంగతి నీకెందుకు అని మావాళ్లే కొందరు అడగొచ్చు. ఎస్టీ జాబితా విషయంలో మాకూ లంబాడీలకూ ఉన్న తగాదా అందరికీ తెలిసిందే, దాన్ని ఇక్కడ దాచను, విప్పను కూడా. చదువురాని తల్లి చేత ఆమెకు అర్థంకాని భాషలో రాసిన కాగితం మీద వేలు వేయించడం అనే పనికి మాత్రం కోయ, లంబాడీ తేడా లేదు. భూముల విషయంలో ఆ వేలిముద్ర ఏం చేసిందో మన తాతలకు బాగా తెలుసు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులకే. ఆ చట్టం కింద విదేశీ క్రైస్తవ దంపతులు దత్తత తీసుకోలేరు. మరో విశేషం ఏమిటంటే, ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని రెండో సెక్షనులోనే రాసి ఉంది. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, మన దత్తత మన ఆచారం ప్రకారమే. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకున్నా, అక్క చనిపోతే చెల్లెలు పిల్లల్ని తెచ్చుకున్నా మన గూడేల్లో కాగితం ఎవరూ రాయలేదు. కులపెద్దల ముందు మాట, నలుగురికి భోజనం, అంతే. అంటే విదేశీయులను పక్కన పెట్టిన చట్టమే మనల్ని కూడా పక్కన పెట్టింది, కారణాలు వేరు.

మరి విదేశీయులు ఎలా తీసుకెళ్లారు? 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం ద్వారా. బ్రిటిషువాళ్ల కాలంలో మైనర్ పిల్లలనూ వాళ్ల ఆస్తులనూ చూసుకునేవాళ్ల కోసం చేసిన చట్టం అది. దాని కింద మన కోర్టు వాళ్లను తల్లిదండ్రులు అనలేదు, సంరక్షకులు అంది. సంరక్షకులుగా బిడ్డను విమానం ఎక్కించుకుని వెళ్లి, తమ దేశంలోని కోర్టులో అసలు దత్తత పూర్తిచేసుకోవాలి. అంటే మన గడ్డ మీద జరిగేది సగం పని, మిగతా సగం ఎక్కడో సముద్రాల అవతల. అందరూ వచ్చేవారు కూడా కాదు. వకాల్తా పంపి, సంస్థ నియమించిన మనిషి వెంట బిడ్డను తెప్పించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ మిగతా సగం పూర్తిచేయనివాళ్లుంటే ఏమవుతుంది? అమెరికాలో ఇది నిజంగానే జరిగింది. దత్తత పిల్లలకు పౌరసత్వం దానంతటదే వచ్చే చట్టం అక్కడ 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఆనాటికి 18 ఏళ్లు నిండినవాళ్లకు అది వర్తించలేదు. పెంచినవాళ్లు కాగితాలు పూర్తిచేయకపోవడంతో, పసిప్రాయంలో వెళ్లినవాళ్లు పెద్దయ్యాక తాము ఏ దేశం మనుషులమో తేలని స్థితిలో పడ్డారు. పాలసీసా పట్టిన చేతులు ఒక దరఖాస్తు నింపలేదు. ప్రేమ ఉంటే చాలదా అని పిల్లలు అడుగుతుంటారు. ఇలాంటి చోట చాలలేదు.

1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. దత్తత పేరుతో పిల్లలను విదేశాలకు పంపుతున్న సంస్థల తీరు మీద ఫిర్యాదు అది. కోర్టు దాన్నే పిటిషనుగా తీసుకుంది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మన దేశానికి తొలి రాజమార్గం. బిడ్డకు ముందు సొంత కుటుంబం, అది కుదరకపోతే దేశంలోనే మరో కుటుంబం, ఆ తర్వాతే విదేశం అన్నది అందులోని వరుస. నాకు దానికంటే ముఖ్యంగా కనిపించే మాట మరొకటి ఉంది. బిడ్డ పుట్టకముందు గానీ, పుట్టిన మూడు నెలలలోపు గానీ వదులుకునే నిర్ణయం తల్లిదండ్రుల చేత తీసుకోనివ్వకూడదని కోర్టు చెప్పింది. బాలింతకు ఆలోచించుకునే వ్యవధి కావాలన్నమాట. విదేశీ దంపతులకు భారంగా తోచే ఎదురుచూపు లాంటిదే తల్లికి కూడా ఉండాలని, ఆమెకది హక్కని తీర్పు అర్థం.

1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ ఏర్పడింది. దీన్నే అందరూ కారా అంటారు. దాని అభ్యంతరం లేదన్న పత్రం లేకుండా బిడ్డ దేశం దాటకూడదు. కాగితాల మీద అన్నీ బాగానే ఉన్నాయి.

ఇక తండాలకు వద్దాం. ఒకప్పుడు లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగినవాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బతుకు పోయింది. నేరస్థ తెగల ముద్ర కూడా వాళ్ల మీద వేశారు. స్థిరపడిన చోట దొరికింది రాళ్ల నేల, వానాధారం. వాళ్ల పెళ్లిళ్లలో పూర్వం మగపెళ్లివారే ఆడపిల్ల ఇంటికి ఎడ్లు, డబ్బు ఇచ్చి కోడలిని తెచ్చుకునేవారు. ఆడపిల్ల పుట్టడం నష్టం కాదు. ఆ ఓలి పోయి దాని స్థానంలో కట్నం వచ్చింది. కింద ఉన్న ఊళ్లను చూసి నేర్చుకున్నదే అది. కరువు నేల మీద కట్నం వచ్చి కూర్చుంటే మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల ఏమవుతుందో చెప్పక్కర్లేదు. భంగ్యా భూక్యా, గీతా రామస్వామి గార్లు లంబాడీ ఆడశిశువుల అప్పగింతల మీద చేసిన అధ్యయనం ఈ పరిస్థితిని వివరంగా పట్టుకుంది. మన టీచర్లు చదవదగ్గది. తల్లులకు కడుపుతీపి లేదని ఆ రోజుల్లో చాలామంది తేలిగ్గా అనేశారు. ఎడ్లు పోయిన సంగతి, అడవి పోయిన సంగతి వాళ్లకు పట్టలేదు.

నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లోకి మధ్యవర్తులు వచ్చారు. 1999లో ఒకసారి, 2001లో మరోసారి హైదరాబాదులోని దత్తత సంస్థల మీద దాడులు, అరెస్టులు జరిగాయి. తల్లుల చేతికి కొన్ని వందలో, కొన్ని వేలో రూపాయలు వచ్చాయని, అవతల విదేశీ దంపతులు కట్టింది వేల డాలర్లని అప్పటి పత్రికలు రాశాయి. సంస్థల్లోని పిల్లలను యూసుఫ్‌గూడలోని ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. అప్పటి అమెరికా వలస చట్టం ప్రకారం అనాథ అయితేనే దత్తతకు వచ్చే బిడ్డకు వీసా. తల్లిదండ్రులిద్దరూ బతికి ఉండి, ఇద్దరూ కలిసి ఫలానా సంస్థకు ఇచ్చేశాం అంటే ఆ బిడ్డ అనాథ కింద లెక్కకు రావడం కష్టం. అదే వదిలేసిపోయిన బిడ్డ అయితే వీసా వస్తుంది. పెళ్లికాని తల్లి పోషించలేక వదులుకున్నా దారి ఉంటుంది. అంటే తండాలో తండ్రి, తల్లి, అక్కలు అందరూ ఉన్న బిడ్డకు కాగితం మీద ఎవరూ లేకుండా చేయడంలో లాభం ఉంది. చివరి ఆఫీసు అడిగే ప్రశ్నకు తగ్గట్టు మొదటి కాగితం రాసుకునే వీలు దొరికింది. చివర ఎంత గట్టిగా పరీక్షించినా, వాళ్ల ముందు ఉన్నది మొదటి కాగితమే కదా.

2001లో ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. సగం దారిలో ఉన్న విదేశీ కుటుంబాల ఫైళ్లు ఆగిపోయాయి. బిడ్డ ఫొటో గోడకు అంటించుకుని తమ దేశంలో ఎదురుచూసినవాళ్లు కొందరు, ఇక్కడికే వచ్చి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు కొందరు. వాళ్లలో చాలామందికి తండాలో ఏం జరిగిందో తెలియదు. వాళ్ల దుఃఖం అబద్ధం కాదు. అలాగని ఆ దుఃఖం తల్లి వేలిముద్రను సరిచేయదు. ఆ ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 16 ఇచ్చింది. పేదరికం, సంతానం ఎక్కువ కావడం, ఆడపిల్ల అక్కర్లేకపోవడం అనే కారణాలతో పిల్లలను సంస్థలకు వదులుకోవడం ఇక కుదరదని దాని సారం.

అదే 2001 ఏప్రిల్‌లో అమెరికాలో మరొకటి జరిగింది. అక్కడి ఆదివాసులైన రెడ్ ఇండియన్ తెగల పిల్లలను 1958 నుంచి 1967 వరకు ఒక ప్రభుత్వ పథకం కింద తెల్లవాళ్ల కుటుంబాలకు దత్తత ఇచ్చారు. ఆ ఒక్క పథకంలోనే 395 మంది పిల్లలు. పథకంలో పాలుపంచుకున్న అమెరికా శిశు సంక్షేమ లీగ్ తరఫున దాని పెద్ద ఆ ఏప్రిల్‌లో తెగల ముందు నిలబడి క్షమాపణ చెప్పారు. పేదరికాన్నే తల్లి తప్పుగా రాసుకుని పిల్లలను తీసుకెళ్లడం అక్కడా జరిగిందే. ఆ తెగలు పోరాడి 1978లో ఒక చట్టం తెచ్చుకున్నాయి. దాని ప్రకారం బిడ్డ పుట్టకముందు, పుట్టిన పది రోజులలోపు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదు. ఆ తర్వాత ఇచ్చినా జడ్జి ముందు ఇవ్వాలి. కాగితంలోని సంగతి ఆమెకు పూర్తిగా అర్థమైందనీ, ఇంగ్లీషు రాకపోతే ఆమెకు వచ్చిన భాషలోకి మార్చి చెప్పారనీ జడ్జి రాసి ఇవ్వాలి. 2023లో ఆ చట్టాన్ని కొట్టివేయాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్తే, చట్టమే నిలిచింది.

గోర్ బోలి మాట్లాడే తల్లికి తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిన పత్రం. పది రోజుల మాట, భాష మాట మన తండాలో కూడా అమలై ఉంటే ఎన్ని వేలిముద్రలు పడేవి?

ఇప్పటి పద్ధతి చాలా మారింది. దేశాల మధ్య దత్తతల మీద 1993లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం మనకు 2003 అక్టోబరు నుంచి వర్తిస్తోంది. తల్లి సమ్మతి బిడ్డ పుట్టాకే తీసుకోవాలని, డబ్బు చూపి తీసుకోకూడదని అందులో ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించే తల్లిదండ్రులు శిశు సంక్షేమ కమిటీ ముందు పత్రం రాయాలి, మనసు మార్చుకోవడానికి వాళ్లకు 60 రోజులు గడువు. ఇప్పుడు దత్తత ఇక్కడే పూర్తవుతుంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. ఆ తర్వాత పాస్‌పోర్టు, ఒప్పందం ప్రకారమే అంతా జరిగిందన్న కారా ధ్రువపత్రం, వీసా. బిడ్డ వెళ్లాక కూడా మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి బాగోగుల నివేదిక రావాలి. కొన్ని దేశాలు ఇంకా కఠినం. కెన్యా చట్టంలో దరఖాస్తుకు ముందు వరుసగా మూడు నెలలు బిడ్డ దత్తత కోరేవారి సంరక్షణలో ఉండి తీరాలన్నారు. ఇంత కాలం ఆపడం క్రూరత్వమని కొందరంటారు. నాకలా అనిపించదు. మొదటి కాగితంలో అబద్ధముంటే అది బయటపడడానికి మిగిలిన వ్యవధి అదే.

ఆనాటి పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. 18 ఏళ్లు నిండినవాళ్లు తమ మూలాలు వెతుక్కోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పగించిన తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే వివరాలు చెప్పరు. ఒప్పుకున్నా, ముందు వాళ్లు దొరకాలి. దొరకడానికి ఉన్నది ఆ మొదటి కాగితమే. అందులో తల్లి పేరుకు ముందు రామావత్ అనో, కేతావత్ అనో ఇంటిపేరు సరిగ్గా పడిందా? తండా పేరు రాశారా, లేక మండలం పేరుతో సరిపెట్టారా? దేవరకొండ చుట్టూ ఒకే ఇంటిపేరు ఉన్న తండాలు ఎన్నో ఉన్నాయి. వదిలేసిపోయిన బిడ్డ అని రాసి ఉంటే ఆ పేజీలో ఇంటిపేరు ఉండదు, తండా ఉండదు, వేలిముద్ర కూడా ఉండదు.