కార్లైలు నిశ్శబ్దపు గది

ఇల్లు మరమ్మతు చేయించునప్పుడు గోడకు సున్నము, నేలకు నునుపు, కప్పునకు వాన కారని కట్టు మనము విచారింతుము. ప్రక్కయింటి చప్పుడు మన యింటిలోనికి ఏ త్రోవను వచ్చుచున్నదో, మన వంటయింటి చప్పుడు ఎవరి నిద్రను చెఱచుచున్నదో విచారించువారు అరుదు. అట్టి విచారమునకు బూనుకొని, ధనము వెచ్చించి, విఫలుడైన యొక గొప్ప గ్రంథకర్త వృత్తాంతమును మా చదువరుల యెదుట నుంచుచున్నాము. ఇది గోడల చరిత్రమే గాక యొక గృహిణి చరిత్రము గూడను.

థామస్ కార్లైలు స్కాట్లండు దేశీయుడు. 1834లో భార్యయగు జేను వెల్షుతో లండనుకు వచ్చి, చెల్సియాలోని చేనీ రో వీథిలో నొక యిల్లు అద్దెకు దీసికొని, 1881లో మరణించువఱకు నందే యుండెను. ఆ వీథి యిండ్లు ఒకదాని నొకటి యంటి వరుసగా గట్టబడినవి. ప్రక్కయింటి పియానో, పెరటి కోళ్ల కూత, ఆర్గను త్రిప్పుచు వీథులవెంట దిరుగు వాద్యగాండ్ర పాట ఆయన చెవిని వదలకుండెను. ఫ్రెడరిక్ మహారాజు చరిత్రమును వ్రాయబూనిన దినములలో ఈ బాధ దుర్భరమాయెను.

కావున 1853లో ఇంటిపైన నొక క్రొత్త గది కట్టింప నిశ్చయించిరి. జంట గోడలు, నడుమ గాలి. వెలుతురు కప్పులోని అద్దపు గవాక్షమునుండి మాత్రమే. సుమారు 170 పౌనులు వ్యయమాయెను. పని సాగుచుండగా భర్త కొంతకాలము మిత్రుల యింట దలదాచుకొనెను. జేను దుమ్ములో, సుత్తుల మ్రోతలో, పనివాండ్ర తగవులలో నిలిచెను. ఒకమారు కూలివాడొకడు పైనుండి కప్పు చీల్చుకొని ఆమెకు దాపుననే పడెను. ముందటి యేడు కార్లైలు జర్మనీలో సంచరించుచుండగా జరిగిన మరమ్మతును గూడ ఆమెయే కనిపెట్టియుండెను. ఆమెకును తలనొప్పియు నిద్రలేమియు నుండెను. ఆమె కొఱకు జంట గోడ లెవ్వరును గట్టలేదు.

గది పూర్తియైన పిమ్మట అదియే యింటిలోనెల్ల నెక్కువ చప్పుడు గల గదియని తేలెను. సమీపపు ధ్వనులు తగ్గగా, అంతవఱకు వానిలో మునిగియుండిన రైలు కూతలు, గుడి గంటలు పైకి దేలెను.

ఇట్లేల జరిగెను? శబ్దమునకు రెండు త్రోవలు గలవు. మొదటిది గాలి. గాలి దూరు సందెల్ల శబ్దము దూరు సందే. తలుపు క్రింది వ్రేలెడు సందు మందపు గోడ శ్రమను వ్యర్థము చేయును. మనుష్యుడు ఊపిరి పీల్చవలెను గనుక గదికి గాలి రాకపోకలుండక తీరదు. రెండవది కట్టడమే. దూలము, పలక, గోడ తామే వణకి చప్పుడును అవతలికి జేర్చును. దాని నాపునది బరువు. లేదా రెండు పొరలు ఒకదాని నొకటి తాకకుండుట. ఆ నడుమ నొక సున్నపుముద్ద పడి వంతెనయైనను చాల ఫలము పోవును. ఇక పలుచని అద్దపు గవాక్షమో, ఆకసమువైపు తెఱచిన చెవి వంటిది. కార్లైలు గది విషయమున మేము మొదట సందేహించునది దానినే.

చిత్రమేమన, బరువు మర్మము ఆయన స్వదేశపు వడ్రంగులు ఎఱిగినదే. స్కాట్లండు మేడలలో నేలపలకల క్రింద దూలముల నడుమ బూడిద నించుట పూర్వాచారము. ఆ పనికి వారు పెట్టిన పేరునకు ‘చెవిటిదానిని జేయుట’ యని యర్థము. మన రాయలసీమ మట్టిమిద్దెల మందపు గోడలు ఎండతోబాటు చప్పుడును గొంత యాపుటకు గూడ బరువే కారణము. అయితే వేడి నాపుటకు తేలికయైన దూదియు, నిలిచిన గాలియు చాలును. ధ్వనికి అంతమాత్రము చాలదు. 1895లో హార్వర్డు విద్యాలయమున వాలేసు సబైను ఒక యుపన్యాసశాలలోని మాటల గందరగోళమునకు గారణ మరయుచు, మెత్తని దిండ్లు పఱచి కొలతలు దీసెను. దిండ్లు ఆ గదిలో బుట్టిన ధ్వనిని మ్రింగును. ప్రక్కగది ధ్వనిని ఆపవు. నేడు గోడకు పలుచని నురుగుపలకలంటించి, పొరుగువారి చప్పుడు తగ్గలేదని వగచువారు ఈ భేదము నెఱుగరు.

కోళ్ల బాధను దీర్చినది గోడ గాదు. 1853 చివర జేను ఒంటరిగా లండనుకు మరలివచ్చి, పొరుగువారితో మాటలాడి, కొంత సొమ్మిచ్చి, కోళ్ల నుంచకుండునట్లు ఒడంబడిక చేసికొనెను. 1864లో వీథి వాద్యగాండ్రను గూర్చి శాసనమే పుట్టెను. దానిని గోరినవారిలో కార్లైలు నొకడు.

ఈ నడుమ, 1855లో, ఇంటి ఖర్చునకు సొమ్ము చాలకున్నదని జేను పార్లమెంటు ఆర్థికమంత్రి ధోరణిలో భర్తకొక విన్నపము వ్రాసెను. హాస్యముగా వ్రాసినదే. కాని గదికి వెనుదీయని చేతినుండి బొగ్గునకును రొట్టెకును పైసొమ్ము రాబట్టుటకు గృహిణి అంత నాటక మాడవలసెనా?

ఫ్రెడరిక్ చరిత్రము 1865లో ముగిసెను. కార్లైలు పుస్తకములతో క్రింది యంతస్తునకు దిగివచ్చెను. మఱుసటి యేడు జేను మరణించెను. అంతకుముందు నేల క్రింది వంటయింటిలో బరుండుచుండిన పనికత్తెకు ఆ మీదిగది పడకగది యాయెను.