సముద్రంలో ఛాంపియన్, ఒడ్డున అందరికీ సప్లయర్: డాన్ ఆరోనో కథ

ఈరోజు ఒక స్పోర్ట్స్ ఛాంపియన్ కథ చెప్తాను. కాకపోతే దాన్ని ఒక మర్డర్ దగ్గర మొదలుపెట్టాలి.

1987 ఫిబ్రవరి 3, మంగళవారం మధ్యాహ్నం. అమెరికాలో మయామీకి ఉత్తరాన నార్త్ ఈస్ట్ 188వ స్ట్రీట్ అని ఒక చిన్న వీధి ఉంది. వీధి పొడవునా స్పీడ్ బోట్లు తయారుచేసే షెడ్లే. అందుకే లోకల్‌గా దాన్ని థండర్‌బోట్ రో అనేవాళ్ళు. ఒక తెల్ల మెర్సిడెస్ కారు అక్కడి ఓ షాపు నుంచి బయల్దేరింది. ముదురు రంగు లింకన్ కారు ఒకటి వచ్చి దాని పక్కనే ఆగింది. అందులోంచి వరసగా కాల్పులు. మెర్సిడెస్‌లో ఉన్నాయన పేరు డాన్ ఆరోనో. అరవై ఏళ్ళు నిండడానికి ఇంకా ఒక్క నెల ఉంది. అంతలోనే ప్రాణం పోయింది.

ఎవరీ ఆరోనో? ఆఫ్‌షోర్ పవర్‌బోట్ రేసింగ్‌లో రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్, 1967లో ఒకసారి, 1969లో ఒకసారి. ఆ వీధిని ఫేమస్ చేసిన కంపెనీల్లో చాలావాటిని పెట్టింది కూడా ఆయనే. మరి ఇంత పేరున్న మనిషి సొంత వీధిలో, పట్టపగలు ఎందుకు చనిపోయాడు? అది అర్థం కావాలంటే ముందు ఈ ఆట అర్థం కావాలి.

చిన్నప్పుడు చెరువు గట్టున నిలబడి పెంకు విసిరి నీళ్ళ మీద కప్పగంతులు వేయించారు కదా? స్పీడ్ బోటు చేసేది దాదాపు అదే. స్పీడ్ పెరిగేకొద్దీ అది నీళ్ళను చీల్చుకుంటూ వెళ్ళడం మానేసి నీళ్ళ మీద జారడం మొదలుపెడుతుంది. చెరువులో అయితే ఓకే. సముద్రంలో అలలుంటాయి. ఒక అల మీంచి గాల్లోకి లేచిన బోటు ఇంకో అల మీద దబ్బున పడుతుంది. అడుగు చదునుగా ఉంటే ఆ దెబ్బ నేరుగా నడిపేవాళ్ళ వెన్నుపూసకి తగులుతుంది. 1950ల దాకా ఇదే పెద్ద ప్రాబ్లమ్.

దీనికి సొల్యూషన్ చూపించినవాడు రే హంట్ అనే డిజైనర్. బోటు అడుగుని ముందు నుంచి వెనక చివరి దాకా లోతైన వి ఆకారంలో చేశాడు. దానికే డీప్ వి అని పేరు. చదును చెయ్యితో నీళ్ళని కొడితే చురుక్కుమంటుంది, చెయ్యిని కత్తిలా నిలబెట్టి కొడితే సాఫీగా దిగిపోతుంది. లాజిక్ అంతే. 1960లో మయామీ నుంచి బహామాస్‌లోని నసావు దాకా, సుమారు 180 మైళ్ళ రేసు జరిగింది. సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంది. మాపీ అనే 31 అడుగుల డీప్ వి బోటు 8 గంటల్లో వచ్చేసింది. రెండో బోటు రావడానికి ఇంకో రెండు గంటలు పట్టింది, అదీ హంట్ డిజైనే. మిగతావాళ్ళు చేరింది మర్నాడు! ఆ ఒక్క రేసుతో ఈ ఆట మొత్తం మారిపోయింది.

సరిగ్గా ఆ టైమ్‌లోనే ఆరోనో మయామీలో దిగాడు. 1927లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. కుర్రవాడిగా కోనీ ఐలాండ్ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా చేశాడు, తర్వాత మర్చంట్ షిప్పుల్లో పనిచేశాడు. న్యూజెర్సీలో కన్‌స్ట్రక్షన్ బిజినెస్ చేసి చిన్న వయసులోనే బాగా సంపాదించాడు. ఇక చాలు, హాయిగా రిటైర్ అవుదాం అనుకుని మయామీ వచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోలేకపోయాడు.

1962లో కూతురు క్లాడియా పేరు పెట్టిన బోటుతో మయామీ–నసావు రేసులో దిగాడు. నాలుగో స్థానం వచ్చింది. మొదటి రేసుకి నాలుగో స్థానం అంటే మనలాంటివాళ్ళం స్టేటస్ పెట్టుకుంటాం. ఆయన మాత్రం బోటు కంపెనీ పెట్టాడు. పేరు ఫార్ములా. కాసేపటికి దాన్ని అమ్మేశాడు. 1964లో డాంజీ పెట్టాడు, అదీ అమ్మేశాడు. 1966లో మాగ్నమ్ పెట్టాడు, దాన్నీ అమ్మేశాడు. తర్వాత సిగరెట్. దాదాపు అన్నీ ఆ 188వ స్ట్రీట్‌లోనే! అంటే కంపెనీని మంచి రేటుకి అమ్మి, అదే వీధిలో ఇంకో షెడ్ తీసుకుని, తను అమ్మిన కంపెనీకే పోటీగా నిలబడేవాడు. ఇప్పుడు స్టార్టప్ వాళ్ళు సీరియల్ ఫౌండర్ అని గొప్పగా చెప్పుకుంటారే, ఆ పని ఈయన అరవై ఏళ్ళ కిందటే చేసేశాడు.

మరి జనం ప్రతిసారీ ఆయన కొత్త బోటే ఎందుకు కొన్నారు? ఎందుకంటే ఆ బోటుని రేసులో నడిపి గెలిచేది ఆయనే. ఆదివారం గెలువు, సోమవారం అమ్ముకో. దీని ముందు పేపర్లో వేసే యాడ్ ఏ మూలకి?

ఈ రేసు బోటులో అప్పట్లో సాధారణంగా ముగ్గురుండేవాళ్ళు. ఒకరు స్టీరింగ్, ఒకరు దారి చూసే నావిగేటర్, ఒకరు థ్రాటిల్ మాన్, అంటే ఇంజిన్ స్పీడ్ చూసుకునేవాడు. ఆ రోజుల్లో ఎక్కువమంది నిలబడే నడిపేవాళ్ళు, ఎందుకంటే మోకాళ్ళే షాక్ అబ్జార్బర్లు. ఇందులో కష్టమైన పని థ్రాటిల్‌ది. బోటు గాల్లోకి లేవగానే ప్రొపెల్లర్ నీళ్ళలోంచి బయటికొస్తుంది. తోయడానికి నీళ్ళు లేవు కాబట్టి ఇంజిన్ పిచ్చిగా తిరిగిపోతుంది, అలాగే వదిలేస్తే పగిలిపోతుంది. అందుకే గాల్లో ఉన్న ఆ క్షణంలో తగ్గించాలి, నీళ్ళని తాకగానే మళ్ళీ పెంచాలి. రేసు మొత్తం, ప్రతి అలకీ ఇదే పని. ఫాస్ట్‌గా పోవడం ఎవరికైనా వస్తుంది, ఎప్పుడు తగ్గించాలో తెలిసినవాడే గెలుస్తాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

1969లో 'ద సిగరెట్' అనే 32 అడుగుల బోటుతో ఆరోనో రెండో వరల్డ్ టైటిల్ కొట్టాడు. ఆ పేరు ఎక్కడిదంటే, అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో దొంగ మందు రవాణా చుట్టూ తిరిగిన ఒక ఫాస్ట్ బోటుది అని చెప్తారు. పేరు పెట్టినప్పుడు సరదాగానే పెట్టి ఉంటాడు. పదేళ్ళు తిరక్కుండానే ఆ సరదా నిజమైపోయింది.

1970ల్లో కొలంబియా నుంచి ఫ్లోరిడాకి మొదట గంజాయి, తర్వాత కొకైన్ వరదలా రావడం మొదలైంది. బహామాస్‌లో బిమినీ అనే చిన్న దీవి ఉంది. ఫ్లోరిడా తీరానికి సుమారు 50 మైళ్ళు. సరుకు అక్కడిదాకా తెచ్చాక, ఆ 50 మైళ్ళు రాత్రిపూట దాటించాలి. ఇప్పుడు మీరే ఒక స్మగ్లర్ అనుకుని రిక్వైర్‌మెంట్స్ రాయండి. అలలున్నా స్పీడ్ తగ్గకూడదు. ఎత్తు తక్కువగా ఉండాలి, దూరం నుంచి కనబడకూడదు. ఇద్దరు ముగ్గురితో నడవాలి. బరువు మోయాలి. దెబ్బలకి విరగకూడదు. ఇవన్నీ ఒక మంచి రేసు బోటు లక్షణాలే! గంటకి 60 మైళ్ళ స్పీడుతో పోయే బోటు ఆ దూరాన్ని గంటలోపే దాటేస్తుంది. అప్పటి కోస్ట్ గార్డ్ గస్తీ ఓడలు గంటకి 25 మైళ్ళు పోతే గొప్ప. వాళ్ళు సగం దూరం రాకముందే సరుకు ఒడ్డున దిగిపోయేది.

అలా 'సిగరెట్ బోట్' అనేది కంపెనీ పేరు స్థాయి దాటి, స్మగ్లింగ్ బోటుకే మారుపేరైపోయింది. మనవాళ్ళు ఏ కంపెనీ కాపీ తీసినా జిరాక్స్ అన్నట్టు.

రేసింగ్ లోపలికి కూడా ఆ డబ్బు వచ్చేసింది. జార్జ్ మొరాలెస్ అనే ఛాంపియన్ రేసర్ కొకైన్ కేసులో జైలుకెళ్ళి, 1987లో అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'కొకైన్ కౌబాయ్స్: ద కింగ్స్ ఆఫ్ మయామీ' చూసుంటే, అందులోని విల్లీ ఫాల్కన్, సాల్ మగ్లూటా కూడా పవర్‌బోట్ రేసర్లే.

ఇప్పుడు అటువైపు చూడండి. ఆరోనో కస్టమర్లలో జోర్డాన్ రాజు హుస్సేన్ ఉన్నాడు. జార్జ్ బుష్ ఉన్నాడు, అంటే సీనియర్ బుష్. ఆయన దగ్గర ఫిడెలిటీ అనే 28 అడుగుల సిగరెట్ ఉండేది. 1982లో వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న బుష్‌కే దక్షిణ ఫ్లోరిడాలో డ్రగ్స్‌ని ఆపే టాస్క్ ఫోర్స్ బాధ్యత అప్పగించారు. దొంగల దగ్గర ఆరోనో బోట్లుంటే పోలీసులకి ఏం కావాలి? ఆరోనో బోట్లే కావాలి! అప్పటికి ఆయన యూఎస్ఏ రేసింగ్ టీమ్ అనే ఇంకో కంపెనీ పెట్టాడు. అందులో బ్లూ థండర్ అనే 39 అడుగుల, రెండు అడుగుల భాగాలు జతచేసినట్టుండే కాటమరాన్ బోటు తయారైంది. 1984లో బుష్ స్వయంగా నడిపి చూశాడు. కస్టమ్స్ డిపార్ట్‌మెంట్ డజను దాకా ఆర్డరిచ్చింది.

అంటే ఛేజ్‌లో ముందు పారిపోయే బోటు ఆయన పెట్టిన కంపెనీది. వెనక తరిమే బోటూ ఆయనదే. బిజినెస్‌గా చూస్తే ఇంతకంటే సేఫ్ ఏముంది అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

1985 ప్రాంతంలో ఆయన ఆ కంపెనీని బెన్ క్రేమర్‌కి అమ్మాడు. క్రేమర్ కూడా రేసరే, అదే వీధిలో అపాచీ బోట్ల వ్యాపారం. కానీ అసలు ఆదాయం గంజాయి స్మగ్లింగ్. స్మగ్లర్లని పట్టుకునే బోట్లని స్మగ్లరే తయారుచేస్తాడంటే గవర్నమెంట్ ఊరుకుంటుందా? కస్టమ్స్ ఒప్పుకోలేదు. ఆరోనో కంపెనీని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ డీల్‌లో డబ్బు దగ్గర పుట్టిన పగే హత్యకి కారణమని ప్రాసిక్యూషన్ వాదన. కాల్చిన బాబీ యంగ్ 1995లో, క్రేమర్ 1996లో 'నో కాంటెస్ట్' అన్నారు. అంటే నేరం ఒప్పుకోను, కానీ కాదని వాదించను, శిక్ష వెయ్యండి అని. క్రేమర్ అప్పటికే డ్రగ్స్ కేసులో యావజ్జీవం పడి లోపలున్నాడు. 1989లో హెలికాప్టర్‌తో జైలు నుంచి పారిపోబోతే, అది కంచెకి చిక్కుకుని కూలిపోయింది కూడా.

మరి ఆరోనో మంచోడా చెడ్డోడా? ఆయన మీద డ్రగ్స్ కేసు రుజువైంది లేదు. బోటు అమ్మడం నేరం కాదు. "కొన్నాక వాడేం చేస్తాడో నాకేం తెలుసు?" ఈ మాట సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నేనూ చాలా విన్నాను. టూల్ మనది, వాడకం వాళ్ళది అంటారు. కొంతవరకు నిజమే. రే హంట్ గీసిన డీప్ వి ఈరోజు లైఫ్‌బోట్ల కింద కూడా ఉంది. దానికి ఏ పాపమూ అంటదు.

కానీ ఆరోనో విషయంలో "నాకు తెలీదు" అనే మాట చెల్లదని నా అభిప్రాయం. క్రేమర్ అదే వీధిలో ఉండేవాడు, అదే రేసుల్లో తిరిగేవాడు. వీధిలో ఎవరి డబ్బు ఎక్కడిదో అంచనా వెయ్యలేనంత అమాయకుడు వరల్డ్ ఛాంపియన్ కాలేడు. తెలియని కస్టమర్‌కి అమ్మడం వేరు, తెలిసినవాడికి తెలిసి తెలిసి కంపెనీనే రాసివ్వడం వేరు. నీళ్ళ మీద ఎప్పుడు థ్రాటిల్ తగ్గించాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఒడ్డు మీద మాత్రం ఒక్కసారీ తగ్గించలేదు.

2018లో జాన్ ట్రవోల్టా హీరోగా 'స్పీడ్ కిల్స్' అనే సినిమా ఆయన జీవితం ఆధారంగానే వచ్చింది. ఫార్ములా, డాంజీ, మాగ్నమ్, సిగరెట్ పేర్లు ఇప్పటికీ బతికే ఉన్నాయి. సిగరెట్ అయితే మెర్సిడెస్ ఏఎంజీతో కలిసి స్పెషల్ ఎడిషన్లు కూడా దింపింది. రీల్స్‌లో మయామీ బోట్లు కనిపిస్తే పక్కన రాసిన పేరు ఒకసారి చదవండి.

మీరు తయారుచేసేది ఏదైనా సరే, యాప్ కానీ మెషిన్ కానీ, కొనేవాడెవరో తెలిశాక కూడా అమ్మాలా అనే ప్రశ్న ఎప్పుడో ఒకరోజు మీ ముందుకొస్తుంది. ఆరోజుకి ఈ కథ పనికొస్తుందనుకుంటున్నా.