జూన్ 30 గడువు: నాటింగ్‌హామ్ ఫారెస్ట్ పద్దుల్లో ప్రమోషన్ ఖరీదు

2024 మార్చి 18న ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ తరఫున ఏర్పాటైన స్వతంత్ర కమిషన్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ క్లబ్‌కు 4 పాయింట్ల కోత పెట్టింది. తప్పు మైదానంలో జరిగింది కాదు. 2023 జూన్‌తో ముగిసిన మూడేళ్ల లెక్కల్లో క్లబ్ నష్టం అనుమతించిన హద్దును 3.45 కోట్ల పౌండ్ల మేర దాటింది. దుబారాకు తగిన శాస్తి అని సరిపెట్టుకోవడం తేలికే. తీర్పునూ పద్దులనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం వ్యవహారం అంత సూటిగా కనిపించదు. కొత్తగా పైడివిజన్‌కు వచ్చిన క్లబ్‌ను డబ్బు కన్నా కాలమే ఎక్కువగా ఇరుకున పెడుతుందనీ, నిబంధనలు ఆ ఇరుకును మరింత బిగిస్తాయనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఫారెస్ట్ చిన్న పేరేమీ కాదు. 1979, 1980లలో వరసగా యూరోపియన్ కప్ గెలిచింది. 1999లో ప్రీమియర్ లీగ్ నుంచి జారాక తిరిగి రావడానికి 23 ఏళ్లు పట్టింది. మధ్యలో కొంతకాలం మూడో అంచెలోనూ గడిపింది. 2022 మే 29న వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్‌లో హడర్స్‌ఫీల్డ్ టౌన్‌పై 1-0తో నెగ్గి పైకి వచ్చింది. ఆ జట్టులో కీలకమైన వాళ్లు పలువురు క్లబ్ సొంత ఆటగాళ్లు కారు. జెడ్ స్పెన్స్ మిడిల్స్‌బ్రో నుంచి, జేమ్స్ గార్నర్ మాంచెస్టర్ యునైటెడ్ నుంచి, కీనన్ డేవిస్ ఆస్టన్ విల్లా నుంచి, ఫిలిప్ జింకర్‌నాగెల్ వాట్‌ఫర్డ్ నుంచి లోన్ మీద వచ్చినవాళ్లు. సీజన్ ముగియగానే ఎవరి గూటికి వాళ్లు చేరారు. రెండో అంచె క్లబ్‌కు లోన్ ఆటగాడు చవక. అతడు పాయింట్లు తెచ్చిపెడతాడు, కానీ పద్దు పుస్తకంలో ఆస్తిగా ఏమీ మిగల్చడు. అలా గెలిచి ఖాళీ అయిన జట్టును నింపడానికి ఆ వేసవిలో ఫారెస్ట్ ఇరవై మందికి పైగా కొత్తవాళ్లను తీసుకుంది. బ్రిటిష్ పత్రికలకు అది వేళాకోళమైంది. ఆగస్టుకల్లా పదకొండు మందిని దింపాల్సిన క్లబ్‌కు వేరే దారి ఏముందో మాత్రం ఆ వేళాకోళం చెప్పలేదు.

నష్టం హద్దు దాటింది ఆదాయం లేక కాదు. 2021–22లో సుమారు 3 కోట్ల పౌండ్లున్న రాబడి మరుసటి ఏడాది 15 కోట్లు దాటింది. ప్రీమియర్ లీగ్ స్వదేశీ ప్రసార హక్కుల సొమ్ములో సగం అందరికీ సమానంగా పంచుతారు. పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, పావు వంతు ప్రత్యక్షప్రసారమైన మ్యాచుల సంఖ్యను బట్టి. విదేశీ హక్కుల్లో కూడా సింహభాగం సమాన పంపిణీయే. అందువల్ల అట్టడుగున ముగించిన క్లబ్‌కైనా దాదాపు 10 కోట్ల పౌండ్లు అందుతాయి. జీతాలు కూడా ఆ రాబడిని తరుముకుంటూ వచ్చాయి.

అసలు చిక్కు నష్టపు హద్దులో ఉంది. లీగ్ అప్పటి లాభదాయకత, స్థిరత్వ నిబంధనల ప్రకారం, యజమాని మూలధనం పెడితే, మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్ల వరకు నష్టపోయే వీలుండేది. అంటే ఏడాదికి 3.5 కోట్లు. రెండో అంచెలో గడిపిన ప్రతి ఏడాదికీ మాత్రం 1.3 కోట్లే. ఫారెస్ట్‌కు లెక్కలోకి వచ్చిన మూడేళ్లలో రెండు కింది అంచెవి. కాబట్టి హద్దు 1.3, 1.3, 3.5 కలిపి 6.1 కోట్లు. అదే సీజన్‌లో, అదే మైదానాల్లో ఎదురైన పాత క్లబ్బులకు 10.5. పోటీ ఒకటే, కొలబద్దలు రెండు. యజమాని ఎవాంజెలోస్ మారినాకిస్ జేబులో ఎంత ఉందన్నది ఇక్కడ లెక్కకు రాదు. (యజమాని డబ్బుతోనే పని జరగదనడానికి మనకు తెలిసిన సాక్ష్యం మరొకటుంది: కోళ్ల వ్యాపారంతో తెలుగువారికి పరిచయమైన వెంకీస్ 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. 2012లో జారిన ఆ క్లబ్ మళ్లీ ప్రీమియర్ లీగ్‌కు ఎక్కలేదు.)

ఇక ఆటగాళ్ల పద్దు. కొన్న ధరను ఒప్పందం ఎన్నేళ్లో అన్ని భాగాలుగా చేసి ఖర్చు రాస్తారు. 3 కోట్లకు అయిదేళ్ల ఒప్పందమైతే ఏడాదికి 60 లక్షలు. రెండేళ్లకు అమ్మితే పుస్తకంలో మిగిలిన 1.8 కోట్లు పోగా వచ్చినదే లాభం. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధర ఉండదు కనుక అతణ్ని అమ్మిన సొమ్ము దాదాపు మొత్తం లాభమే. హద్దు దగ్గర పడిన క్లబ్ చూపు ముందుగా ఎవరి మీద పడుతుందో ఊహించవచ్చు. ఫారెస్ట్‌లో అతడు బ్రెనన్ జాన్సన్. నాటింగ్‌హామ్‌లోనే పుట్టినవాడు, తండ్రి డేవిడ్ జాన్సన్ కూడా ఇదే క్లబ్‌కు ఆడాడు. 2023 సెప్టెంబరు 1న టాటెన్‌హామ్ అతణ్ని కొన్నది. పత్రికల్లో వచ్చిన ధర 4.75 కోట్ల పౌండ్లు. హద్దు దాటిన మొత్తం కన్నా అది ఎక్కువ. ఖాతా సంవత్సరం మాత్రం జూన్ 30నే ముగిసిపోయింది.

జూన్‌లో వచ్చిన తక్కువ ధరలకు ఒప్పుకోకుండా ఆగడమే ఆర్థికంగా తెలివైన పని అని క్లబ్ వాదించింది. కమిషన్ అంగీకరించలేదు: గడువు అందరికీ ముందే తెలుసు, అది దాటాక వచ్చిన డబ్బు జరిగిన ఉల్లంఘనను చెరపదు అంది. చట్టదృష్టిలో ఇది నిలిచే మాటే. మార్కెట్ దృష్టిలో కాదు. బదిలీల అంగడి సెప్టెంబరు దాకా తెరిచి ఉంటుంది, బేరాలు చివరి రోజుల్లో పెరుగుతాయి. ఆ రెండు నెలలు ఓపిక పట్టే వీలు విశాలమైన హద్దు ఉన్నవాడికే ఉంటుంది. ఇవే నిబంధనల కింద అంతకుముందే శిక్ష పడిన ఎవర్టన్ అతిక్రమణ 10.5 కోట్ల హద్దు మీద 1.95 కోట్లు; అప్పీలులో దానికి కోత 10 నుంచి 6కు తగ్గింది. ఫారెస్ట్ హద్దును సగానికి పైగా దాటినా మొదట 6గా లెక్కగట్టి, తప్పు ఒప్పుకుని సహకరించినందుకు 2 తగ్గించారు. మే నెలలో అప్పీలు వీగిపోయింది.

ఫారెస్ట్ దారికి ఎదురు ఉదాహరణగా చెప్పదగినది, కోత పడిన 2023–24 సీజన్‌కు పైకి వచ్చిన ల్యూటన్ టౌన్. ఆ క్లబ్ ఇరుకైన కెనిల్‌వర్త్ రోడ్ మైదానాన్ని ప్రసారాలకు తగినట్టు బాగుచేసుకుంటూ, కొనుగోళ్లలో చేయి బిగపట్టింది. 26 పాయింట్లతో 18వ స్థానంలో నిలిచి జారింది. కోత పోగా 32 పాయింట్లతో ఫారెస్ట్ 17వ స్థానంలో మిగిలింది. మరుసటి ఏడాది 7వ స్థానానికి ఎగబాకి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. ల్యూటన్ ఓటమికి పొదుపొక్కటే కారణమనలేం. కానీ శిక్ష పడిన క్లబ్‌కు శిక్ష వల్ల స్థానం పోలేదన్నది మాత్రం పట్టికలోనే ఉంది. ల్యూటన్‌కు మిగిలినవి జారిన క్లబ్బులకు ఇచ్చే పారాచూట్ చెల్లింపులు: ప్రసార సొమ్ము సమాన వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45. మూడో ఏడాది 20 శాతం ఒక్క సీజనే పైన ఉన్నవారికి దక్కదు. ల్యూటన్ 2025లో మళ్లీ జారి, ఆ రెండో విడతను మూడో అంచెలో ఆడుతూ అందుకోవలసి వచ్చింది.