అనువాదానంతర బాధ్యత: డెబియన్ వ్యవస్థలో అనువదిత పత్రాల నిర్వహణ - చారిత్రక పరిశీలన

కీలక పదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, డెబియన్, పాచ్, పీఓ ఫైలు, అనువాద నిర్వహణ, మూలవిధేయత

1. ఉపోద్ఘాతం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పంపిణీలలో ప్రసిద్ధమైన డెబియన్ ఆరవ రూపం 'స్క్వీజ్' 2011 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఆ వ్యవస్థను కంప్యూటరులో నెలకొల్పే ఇన్‌స్టాలరులోకి తెలుగు ప్రవేశించింది ఈ విడుదలతోనే. కన్నడం, సింహళం, లావో భాషలు కూడా తెలుగుతోపాటు చేరాయి. మొత్తం భాషల సంఖ్య 63 నుండి 70కి పెరిగింది. అయితే అదే విడుదలలో వెల్ష్, వోలోఫ్ భాషలను తొలగించారు. అనువాదాలు నవీకరణకు నోచుకోకపోవడమే అందుకు కారణమని విడుదల పత్రం పేర్కొంది. ఒక భాష అనువాదం ద్వారా ఒక వ్యవస్థలో చోటు సంపాదించడం వేరు, ఆ చోటును నిలుపుకోవడం వేరు అన్న విషయం దీనివల్ల స్పష్టమవుతుంది. ఆ నిలుపుదలకై రూపొందిన పద్ధతుల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. కదిలే మూలం

కవిత్రయం భారతాన్ని తెనిగించిన కాలం మూడు శతాబ్దాలకు విస్తరించింది. ఆ కాలమంతా వ్యాసుడు తన రచనను తిరగరాస్తూ కూర్చోలేదు. సి.పి. బ్రౌన్ పండితులచేత వేమన పద్యాల ప్రతులను సరిపోల్చి చూపించినప్పుడు కూడా అన్వేషణ గతంలోని పాఠం కోసమే. సాఫ్ట్‌వేర్ పత్రాల స్థితి ఇందుకు భిన్నం. ప్రతి కొత్త విడుదలతో మూల రచయితలే పత్రాన్ని మారుస్తారు. అనువాదం పూర్తయిన మరునాటి నుండే పాతబడవచ్చు. పాతబడిన సాహిత్యానువాదం వల్ల పాఠకునికి వాటిల్లే నష్టం స్వల్పం. ఒక ఆదేశం అర్థం మారిన తర్వాత కూడా పాత అర్థాన్నే చెప్పే సూచన పత్రాన్ని నమ్మినవాడు తన ఫైళ్లనే పోగొట్టుకోవచ్చు. కాబట్టి ఇక్కడ పాత అనువాదం కన్నా అనువాదం లేకపోవడమే మేలైన సందర్భాలుంటాయి.

3. పాచ్ పద్ధతి - పరిమితులు

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కూర్చి అందిస్తుంది. మూలాన్ని యథాతథంగా ఉంచి, తాము చేసిన మార్పులను పాచ్‌లుగా విడిగా భద్రపరచడం ఇందులోని సంప్రదాయం. లారీ వాల్ 1985లో రచించిన పాచ్ అనే ప్రోగ్రాము ఈ పద్ధతికి ఆధారం. మార్చవలసిన పంక్తులతోపాటు వాటికి ముందూ వెనుకా ఉన్న కొన్ని పంక్తులను కూడా పాచ్ నమోదు చేస్తుంది. మూలంలో ఆ పంక్తులు మారితే పాచ్ తన చోటును గుర్తించలేక విఫలమవుతుంది. ఆ వైఫల్యమే నిర్వాహకునికి హెచ్చరిక.

అనువాదం విషయంలో ఈ హెచ్చరిక పనిచేయదు. అనువదిత పత్రం సాధారణంగా ఒక కొత్త ఫైలు. కొత్త ఫైలును చేర్చే పాచ్‌కు మూలంలోని ఏ పంక్తితోనూ నిమిత్తం లేదు. ఆంగ్ల పత్రం ఎంత మారినా అది నిరాటంకంగా అమరిపోతుంది. యంత్రం దృష్టిలో లోపమేమీ కనబడదు. ప్యాకేజీ బాధ్యుడికి సాధారణంగా ఆ భాష తెలియదు. భాష తెలిసిన అనువాదకునికి ప్యాకేజీపై అధికారం ఉండదు. డెబియన్ వెబ్‌సైటు అనువాదకులు తమ పుటల్లో మూలం సంచిక సంఖ్యను నమోదు చేసే పద్ధతిని అనుసరించారు. దానివల్ల మూలం మారిందని తెలిసేది. ఆ మార్పు అనువాదంలోని ఏ వాక్యాన్ని తాకుతుందో మాత్రం అనువాదకుడే వెతుక్కోవాలి.

4. పేరా ప్రమాణంగా

ప్రోగ్రాముల సందేశాల అనువాదానికి 1995లో గ్నూ ప్రాజెక్టు గెట్‌టెక్స్ట్‌ను అందించింది. అందులోని పీఓ ఫైలులో ప్రతి మూలవాక్యం, దాని అనువాదం జంటగా ఉంటాయి. 2002లో డెబియన్ వర్గాల నుండి వెలువడిన పీఓఫోర్‌ఏ అనే ఉపకరణం ఇదే పద్ధతిని పత్రాలకు విస్తరింపజేసింది. ఇది పత్రాన్ని పేరాలుగా విడదీస్తుంది. మూలంలో మారని పేరాల అనువాదాలు అలాగే నిలుస్తాయి. కొద్దిగా మారినవాటికి 'ఫజీ' అనే గుర్తు పడుతుంది. అనువాదకుడు సరిచూసేదాకా ఆ చోట ఆంగ్ల మూలమే కనిపిస్తుంది. మొత్తం మీద 80 శాతం కన్నా తక్కువ అనువాదమైతే, వేరే అమరిక చేయనిదే, అనువదిత పత్రం వెలువడదు. మూలంలో లేని అనువాదకుల వివరాల కోసం అనుబంధ సౌకర్యం ఉంది. ఆశ్వాసాంత గద్య నిర్వహించే పాత్ర వంటిదే దానిది.

ఈ ఏర్పాటుకు పరిమితులూ ఉన్నాయి. పేరాను ప్రమాణంగా తీసుకోవడం వల్ల రెండు పేరాలను కలిపి చెప్పే స్వేచ్ఛ అనువాదకునికి లేదు. ఆంగ్లంలో ఒక అక్షరదోషాన్ని దిద్దినా, అర్థం మారకపోయినా, ఫజీ గుర్తు పడుతుంది. 80 శాతమన్నది పరిమాణాన్ని కొలుస్తుంది గాని గుణాన్ని కాదు. మొదటి ఉపయోగ సూచనలన్నీ తెలుగులో ఉండి, చివరి ప్రమాద సూచన మాత్రం ఆంగ్లంలో మిగిలిపోయిన పత్రం కూడా ఈ కొలతకు నిలుస్తుంది.

5. ఉపసంహారం

పాచ్ నుండి పీఓ దాకా సాగిన ఈ చరిత్రలో మూలవిధేయత ఒకసారి తేల్చి ముగించే గుణం కాక, పదేపదే సరిచూడవలసిన స్థితిగా మారింది. ఆ సరిచూపు అవసరాన్ని యంత్రం గుర్తుచేయగలదు, సరిచూడవలసింది మాత్రం భాష తెలిసిన వ్యక్తే. తెలుగులో అనువాద పరిశీలన ప్రధానంగా పూర్తయిన కృతులపైనే కేంద్రీకృతమైంది. పీఓ ఫైలు శీర్షభాగంలో చివరి అనువాదకుని పేరు, సవరణ తేదీ నమోదవుతాయి. పాత రూపాలు భద్రపడిన చోట ఒక వాక్యం ఎప్పుడు ఎలా మారిందో గుర్తించవచ్చు. పాఠ పరిష్కరణలో శిక్షణ పొందిన పరిశోధకులకు ఇది అనువైన ఆకరం. విశ్వవిద్యాలయాల అనువాద శాఖలు ఒక్కొక్క పత్రం నిర్వహణను చేపట్టి, ఒక తరగతి విద్యార్థుల నుండి మరో తరగతికి అప్పగించే ఏర్పాటు చేసుకోగలిగితే, 2011లో తెలుగుకు లభించిన వంటి స్థానాలు ఒకరిద్దరు వ్యక్తుల తీరికపై ఆధారపడవలసిన అవసరం తగ్గుతుంది.