వండలూరు వెనుక తలుపు

ఈసారి ఒక పాత కారు తలుపు గురించి రాస్తున్నాం. తలుపంటే మొత్తం తలుపు కాదు, అందులో అద్దాన్ని పైకీ కిందికీ నడిపే సామాను గురించి. ఇందులో చరిత్ర ఏముంది అనుకోకండి. మన మద్రాసు చరిత్ర ఉంది. చివరికి మన భాష సంగతి కూడా వస్తుంది. కాస్త ఓపికగా చదవండి.

బీచ్ స్టేషన్ నుంచి చెంగల్పట్టు లోకల్ ఎక్కితే తాంబరం దాటాక వండలూరు వస్తుంది. ఇప్పటి పిల్లలకు వండలూరంటే జంతువుల పార్కు. ఆ పార్కు అక్కడ తెరిచింది 1985లో. దానికి చాలా ముందే వండలూరులో కార్లు తయారయ్యాయి. మద్రాసులోని యూనియన్ కంపెనీ, ఇంగ్లండులోని స్టాండర్డ్ మోటార్ కంపెనీ కలిసి 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే కంపెనీని పెట్టాయి. మొదట వాన్‌గార్డ్, ఆ తర్వాత స్టాండర్డ్ టెన్, 1961 నుంచి హెరాల్డ్ అక్కడి నుంచి బయటికి వచ్చాయి. కలకత్తా దగ్గర అంబాసిడర్, బొంబాయిలో ఫియట్, మన మద్రాసులో హెరాల్డ్. ఆ రోజుల్లో కారు కొనాలనుకున్నవారి ముందు ముఖ్యంగా ఉన్నవి ఈ మూడే.

హెరాల్డ్ పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చింది. దాని రూపు గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి. ఇంజను 948 సీసీ. అక్కడ 1971 దాకా తయారైనా, ఆ కారుకు ఎన్నడూ రెండు తలుపులే. వెనుక కూర్చునేవారు ముందు సీటు వంచి, ఆ సందులోంచి దూరాలి. చీర కట్టుకున్న ఆడవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అది ఎంత అవస్థో చెప్పనక్కర లేదు. మన దేశంలో కారంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది. కొనేవాళ్ళు నాలుగు తలుపులు కావాలన్నారు. అందుకే మద్రాసు కంపెనీ ఇక్కడి వారికోసమే నాలుగు తలుపుల హెరాల్డ్‌ను తయారు చేసింది. ఇంగ్లండులో పుట్టిన కారుకు వెనుక తలుపులు వండలూరులో మొలిచాయి అన్నమాట.

1972లో హెరాల్డ్ స్థానంలో గెజెల్ వచ్చింది. అదీ నాలుగు తలుపుల బండే, ఇంజనూ అదే. హెరాల్డ్ వెనుక ఇరుసు తీరు మన మెకానిక్కులకు నచ్చలేదని గెజెల్‌లో దాన్ని మార్చారు. 1977లో కార్ల తయారీ ఆగింది. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారుతో మళ్ళీ మొదలుపెట్టారు గాని, 1988తో అదీ ముగిసింది.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం. మన సభ్యురాలు ఒకావిడ ఇంట 1970 నాటి నాలుగు తలుపుల హెరాల్డ్ ఉంది. ఆమె భర్త పోయాక అది షెడ్డులోనే ఉండిపోయింది. ఎడమవైపు వెనుక అద్దం తలుపులోకి జారిపోయింది. వానజల్లు లోపలికి కొట్టి సీటు నానింది, కింద రేకు తుప్పు పట్టసాగింది. పిల్లలు పాత ఇనుముకు ఇచ్చేద్దామన్నారు, బేరం కూడా కుదిరింది. అప్పుడు ఆమె సంఘంలో కార్ల పిచ్చి ఉన్న మమ్మల్ని నలుగురినీ పిలిచి, "ఆ అద్దం పైకి లేచి నిలబడితే చాలు నాయనా, బండి ఉంచుకుంటాను" అన్నది.

ముందు తలుపు అయ్యుంటే పని సులువు. బ్రిటన్‌లో ట్రయంఫ్ కార్ల క్లబ్బులు ఉన్నాయి, విడిభాగాలు అమ్మేవాళ్ళు ఉన్నారు. డబ్బు కడితే పార్సిల్ వస్తుంది. వెనుక తలుపు సామాను మాత్రం వాళ్ళెవరి దగ్గరా ఉండదు, ఎందుకంటే వాళ్ళ కారుకు ఆ తలుపే లేదు. ఎగ్మూరుకు దగ్గరలోని పుదుపేటలో పాత బండ్ల సామాను వీధులన్నీ తిరిగాం. అంబాసిడర్‌ది దొరికింది, ఫియట్‌ది దొరికింది, మాకు కావలసింది దొరకలేదు. చివరికి ఒక పెద్ద మెకానిక్కు, ఆయనా తెలుగింటివాడే, మా మాట విని ఒక్కటే అన్నాడు: "సార్, ఇది ఇక్కడ పుట్టిన సామాను. ఇక్కడే బాగుచేసుకోవాల."

ఆయన దగ్గర నేర్చుకున్నది మీకు కూడా చెబుతాం. పాత బండి ఉన్నవారికి పనికొస్తుంది.

అద్దం నడిచే తీరు చాలా సాదా. హ్యాండిల్ తిప్పితే చిన్న పళ్ళచక్రం తిరుగుతుంది. అది విసనకర్ర ఆకారంలో ఉన్న పెద్ద పళ్ళరేకును కదుపుతుంది. ఆ రేకుకు బిగించిన చెయ్యి, అద్దం అడుగున ఉన్న చానల్‌లో జారుతూ అద్దాన్ని ఎత్తుతుంది, దించుతుంది. అద్దం బరువు మన చేతికి తెలియకుండా ఒక చుట్టల స్ప్రింగు మోస్తుంది. రెండు పక్కలా ఫెల్ట్ అతికించిన గాళ్ళు అద్దాన్ని అటూ ఇటూ కదలకుండా పట్టుకుంటాయి. వెనుక తలుపుకు ఒక ఇబ్బంది ఎక్కువ. చిన్న కార్లలో చక్రం గుండ్రం తలుపు కింది మూలను తినేస్తుంది కనుక, లోపల అద్దం దిగడానికి చోటు తక్కువ.

విప్పేటప్పుడు మొదట అద్దాన్ని పైకెత్తి చెక్క ఆప్పులతో గట్టిగా నిలపాలి. హెరాల్డ్‌లో హ్యాండిల్‌కు పైన స్క్రూ కనబడదు. దాని వెనుకనున్న బిళ్ళను లోపలికి నొక్కితే సన్నని పిన్ను కనిపిస్తుంది, దాన్ని తోసేస్తే హ్యాండిల్ ఊడి వస్తుంది. ఇది తెలియక స్క్రూడ్రైవరు పెట్టి పెకిలించి, రెక్సిన్ చింపుకున్నవాళ్ళు ఎందరో. స్ప్రింగు దగ్గర వేళ్ళు జాగ్రత్త. బరువు తీసేస్తే అది ఒక్కసారిగా విప్పుకుంటుంది.

లోపల చూస్తే రెండు లోపాలు. అద్దం అడుగున ఉన్న చానల్ తుప్పు తిని విడిపోయింది. పళ్ళరేకులో నడుమ ఉన్న పళ్ళు అరిగిపోయాయి. ఎవరైనా అద్దాన్ని సగం దించి సగం ఎత్తుతారు కదా, అందుకని నడుమ పళ్ళకే పని ఎక్కువ. చివరి పళ్ళు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. మెకానిక్కు అరిగినచోట వెల్డింగుతో లోహం నింపి, ఆ చివరి పళ్ళనే కొలతగా పెట్టుకుని, ఒక్కొక్క పన్నూ ఆకురాయితో రాశాడు. చానల్‌ను కొత్త రేకుతో వంచి చేసి, అద్దానికీ దానికీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క కోసి ఇరికించాడు. కొత్త ఫెల్ట్ వేశాడు. ఫెల్ట్‌కు గ్రీజు పూయవద్దన్నాడు, దుమ్ము పట్టి గట్టిపడుతుందట. గ్రీజు పళ్ళకే. తలుపు అడుగున నీళ్ళు కారిపోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరిచాడు. అద్దం పక్కనుంచి కొంచెం నీరు లోపలికి దిగడం సహజం. బయటికి పోయే దారి మూసుకుపోతేనే తలుపు కుళ్ళుతుంది.

రెండు రోజుల పని. అద్దం లేచింది, నిలిచింది. బండి పాత ఇనుముకు పోలేదు. ఊడదీసిన ప్రతి ముక్కకూ కొలతలు రాసి, బొమ్మ గీసి సంఘం బీరువాలో పెట్టాం. రైల్వేలో ఇన్నేళ్ళు లెడ్జర్లు రాసిన చెయ్యి అందుకైనా పనికొచ్చింది.

ఇలా బాగుచేసుకుని నడిపే అలవాటు మనవాళ్ళకు కొత్త కాదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగింట పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. బడి చదువు పెద్దగా లేకపోయినా యంత్రాన్ని విప్పి చూసి నేర్చుకున్న మనిషి ఆయన.

ఇక మా మనసులో మాట. మన తెలుగు కూడా ఆ వెనుక తలుపులాంటిదే. మూలం ఎక్కడిదైనా, తరతరాలుగా ఇక్కడే పెరిగి ఇక్కడి కొలతకు తయారైంది. విజయవాడలో "ఉంది" అంటే మన ఇళ్ళలో చాలామంది "ఉండాది" అంటారు. అది అరిగితే మార్చుకోవడానికి విజయవాడలో అలాంటిది దొరకదు, వాళ్ళ దగ్గర వాళ్ళది ఉంటుంది. రోజూ తిరిగే మన నడుమ వయసువాళ్ళ మాటలో తెలుగు అరిగిపోతున్నది. పళ్ళు చెడకుండా ఉన్నది చివరనున్న పెద్దవాళ్ళ దగ్గరే. కొలత తీసుకోవాలంటే వాళ్ళు ఉండగానే తీసుకోవాలి.

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాకే కూడబలుక్కుని నేర్చుకున్నాం. అందుకే అడుగుతున్నాం. మీ ఇళ్ళలో వండలూరు ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దలు ఎవరైనా ఉంటే, వాళ్ళు చేసిన పని గురించి వాళ్ళ మాటల్లోనే చెప్పించి మాకు పంపండి. తమిళ లిపిలో రాసినా సరే, ఫోనులో రికార్డు చేసినా సరే. తెలుగులోకి ఎత్తి రాసే పని మాది.